పాత కిటికీల సీసం పెయింట్: మాకు పనిచేసిన పద్ధతి (నా అనుభవం)

బర్కత్‌పురలో మా పాతింటి చెక్క కిటికీలు తెరిచి మూసినప్పుడల్లా పెయింట్ పొడి రాలేది, ఇంట్లో పాకే పిల్లాడున్నాడని పెచ్చు ల్యాబ్‌కిస్తే సీసం ఉందన్నారు. ముందు పుట్టీ పెట్టి, పైన కొత్త కోటింగ్ వేసి చూశాం, రెండూ మళ్ళీ లేచొచ్చాయి.

పెయింటరన్న గ్రైండర్ పెడదామంటే వద్దన్నాను, దాంతో లేచే సీసం దుమ్మే అసలు ప్రమాదం. పిల్లాణ్ణి అమ్మమ్మ వాళ్ళింటికి పంపి, ఫ్యాన్ ఆపి, కింద మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచి అంచులకి టేప్ వేశాం. మాస్కులు పెట్టుకుని, స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టి తడి మీదే చేతి స్క్రేపర్‌తో గీకాం, ఆరితే మళ్ళీ తడపడం, రెక్క ఫ్రేమ్‌కి రాసుకునే అంచు దగ్గర ఇంకా ఓపిగ్గా. షీట్ లోపలికి మడిచి కవర్లో కట్టేసి, చీపురు ముట్టకుండా సబ్బునీళ్ళ బట్టతో తుడిచాం, మా బట్టలు విడిగా ఉతికాం. ఆ తర్వాతే ప్రైమర్, దానిమీద సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) లోపు అని డబ్బా మీద రాసున్న పెయింట్ (2017 నవంబర్ నుంచి రూల్ అదే).

మా కిటికీలకి సరిపోయింది, పెద్ద గోడలకి ఇదే చాలని చెప్పలేను. చిన్నపిల్లలుంటే రక్తంలో సీసం టెస్ట్ గురించి డాక్టర్‌ని తప్పకుండా అడగండి.