ఏ మైనర్ బై జి: ఆ జి ఎక్కడ మోగాలి?

పాట షీట్‌లో ఏ మైనర్ పక్కన గీత పెట్టి జి అని (Am/G) రాసి ఉంటే, కడపలో చర్చి క్వయర్‌కి కొత్తగా గిటార్ వాయించే పిల్లలు చాలామంది జి సంగతి వదిలేసి ఉత్త ఏ మైనర్ కొట్టేస్తుంటారు. పాట నడిచిపోతుంది గానీ, మెట్టుమెట్టుగా దిగాల్సిన బేస్ ఉన్నచోటే ఉండిపోతుంది. గీతకు ముందున్నది కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు), తర్వాతది అన్నిటికన్నా మంద్రంగా మోగాల్సిన స్వరం, అంతే.

కర్ణాటక సంగీతం కాస్త వచ్చినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఏని షడ్జమం అనుకోండి, ఏ మైనర్ అంటే స, సాధారణ గాంధారం, ప. జి వచ్చి కైశికి నిషాదం. ఏ మైనర్ సెవెన్‌లోనూ ఇవే నాలుగు స్వరాలు, కాకపోతే అక్కడ అడుగున ఏ ఉంటుంది, ఇక్కడ జి.

మొదట ఏ మైనర్ బై ఇ కొట్టి చూడండి. మామూలు ఏ మైనర్ పట్టుకుని ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) నుంచి తీగలన్నీ మీటితే చాలు, వేలు కదపక్కర్లేదు.

ఇప్పుడు జి. ఏ మైనర్ వేళ్లు అలాగే ఉంచి, చిటికెన వేలు ఆరో తీగ మీద మూడో ఫ్రెట్‌లో (మెడ మీది అడ్డగీతల మధ్య గడి) పెట్టండి. మణికట్టు కొంచెం ముందుకు తోస్తే అందుతుంది. ఆ వేలినే కాస్త వాల్చి ఐదో తీగకు తగిలించండి, అది మోగకూడదు, మోగితే జి పక్కనే ఏ వచ్చి శబ్దం బురదబురదగా ఉంటుంది. చిటికెన వేలు అందట్లేదని మూడో తీగ మీదున్న ఉంగరపు వేలు తీసి ఆరో తీగకు మార్చేవాళ్లున్నారు, అది మాత్రం వద్దు: ఐదో తీగ ఎలాగూ మ్యూట్ కాబట్టి ఏ (A) అనే స్వరం పూర్తిగా పోయి, మీరు వాయించేది సి బై జి అయిపోతుంది!

చేతికి అలవాటయ్యాక ఏ మైనర్, బై జి, ఎఫ్ షార్ప్ బేస్, ఎఫ్ మేజర్ సెవెన్ వరసగా, ఒక్కోదానికి నాలుగు బీట్లు. ఎఫ్ షార్ప్‌కి ఆరో తీగ రెండో ఫ్రెట్‌ని మెడ పైనుంచి బొటనవేలితో నొక్కండి. మొదటి బీట్‌లో బేస్ తీగ ఒక్కటే, మిగతా మూడింటికి సన్న తీగలు. స, ని, ద, ద అని దిగుతుంటే (మొదటి ద చతుశ్రుతి, రెండోది శుద్ధం) చెవికే తెలుస్తుంది.

మన మే నెల ఎండలకి తీగలు వదులై శ్రుతి తగ్గుతాయి, అందుకే ముందు ఆరో తీగ ట్యూన్ చూసుకోండి. కీబోర్డ్ అన్న ఎడమ చేత్తో ఆ జి వాయిస్తుంటే మాత్రం మీకీ కష్టం అక్కర్లేదు, మామూలు ఏ మైనర్ కొట్టేయండి.