అంతర్యుద్ధ సైనికుడు భార్యకు రాసిన ఉత్తరాన్ని చదవడం ఎలా?

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు ఇళ్లకు రాసిన ఉత్తరాలు ఎన్నో నేడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటి చోట్ల స్కాన్ ప్రతులుగా దొరుకుతున్నాయి. భార్యకు రాసిన ఉత్తరంలో యుద్ధవర్ణన కన్నా ముందు ఆమె కోసమే వెతకాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఆమె రాసిన జవాబులు శిబిరాల్లో, ప్రయాణాల్లో చాలావరకు పోయాయి.

మొదట కవరు చూడండి. 1861 జూలై నుంచి ఉత్తరాది సైనికులు అధికారి ధ్రువీకరణతో స్టాంపు లేకుండానే ఉత్తరం పంపగలిగారు. 3 సెంట్ల రుసుము అందుకున్నవారు కట్టేవారు. అంటే భర్త క్షేమం తెలుసుకోవడానికి ఆమె పైకం చెల్లించవలసి వచ్చేది. దక్షిణాదిలో కాగితానికి కరువు వచ్చినందువల్ల, వచ్చిన కవరునే విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి అతికించి మళ్లీ వాడేవారు. అటువంటి కవరు కనబడితే లోపలి చిరునామాను తప్పక చూడండి. అది ఆమె చేతిరాతే కావచ్చు.

కొన్ని ఉత్తరాల్లో పేజీ నిండాక కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరుసల మీదుగానే మళ్లీ రాశారు. వాటిని చదివేటప్పుడు వరుస కింద తెల్లకాగితపు అంచు ఆనించి, ఒక దిశలోని వరుసలన్నీ పూర్తయ్యాకే రెండో దిశకు వెళ్లాలి. అక్షరక్రమం అర్థం కాకపోతే పైకి చదవండి; చాలామంది చెవికి వినిపించినట్టే రాశారు. చదువు రానివారు ఇతరుల చేత రాయించుకున్నారు కనుక, చేతిరాతను బట్టి మనిషిని అంచనా వేయకూడదు.

జీతం ప్రస్తావన వచ్చిన చోట ఆగి, ఆమె ఇల్లు ఎలా నడిపి ఉంటుందో ఆలోచించండి. ఉత్తరాది సామాన్య సైనికుడికి యుద్ధకాలంలో ఎక్కువ భాగం నెలకు 13 డాలర్లు. నల్లజాతి సైనికులకు 1864లో చట్టం మారేదాకా 10 డాలర్లు, అందులోనూ 3 డాలర్లు బట్టల కింద కోత. అదీ నెలల తరబడి చేతికి అందేది కాదు.

ఉత్తరాది సైన్యంలో మేజర్ అయిన సల్లివన్ బాలూ 1861 జూలై 14న భార్య సారాకు రాసిన ఉత్తరం ప్రసిద్ధమైనది. వారానికే ఆయన మొదటి బుల్ రన్ యుద్ధంలో గాయపడి, తర్వాత మరణించారు. అయితే మనకు మిగిలినవి దాని నకళ్లే, కాబట్టి ఏ ఉత్తరమైనా మూలప్రతా, నకలా అని ముందే తేల్చుకోండి. అభ్యాసానికి మాత్రం గింజలు, అప్పులు, పిల్లల జ్వరాలు నిండిన మామూలు ఉత్తరాన్నే ఎంచుకోండి. ‘దూడను అమ్మవద్దు’ అని భర్త రాస్తే, అమ్మమంటారా అని భార్య అడిగి ఉండవచ్చు. అటువంటి ప్రతి జవాబు పక్కన ఆమె ప్రశ్నను పెన్సిలుతో రాసుకుంటూ చివరి పేజీ దాకా వెళ్లండి.