వాసన పోయినంత మాత్రాన ఫిల్టరును నమ్మకండి

నీటి పరీక్షల ల్యాబులో పనిచేసినన్నాళ్లూ నన్ను అందరూ అడిగింది ఒకటే: "కుళాయి నీళ్లు క్లోరిన్ వాసన కొడుతున్నాయి, తాగవచ్చా?" తాగవచ్చు. నేను వెతికేది మాత్రం ముక్కుకు అందని వాటి కోసం. కుళ్లిన ఆకులూ అలములూ కలిసిన నీటిలో క్లోరిన్ వేస్తే క్లోరోఫాం వంటి ట్రైహాలోమీథేన్లు, హాలోఎసిటిక్ ఆమ్లాలు పుడతాయి. 1974లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త యోహానెస్ రూక్ ఈ సంగతి బయటపెట్టారు. ఇవి ఎక్కువగా ఉన్న నీళ్లను ఏళ్ల తరబడి వాడినవారిలో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువగా ఉన్నట్టు అనేక అధ్యయనాల్లో కనిపించింది. అలాగని క్లోరిన్ లేని నీళ్ల కోసం వెతకకండి. కలరా ఏళ్లు ఆగదు, గంటల్లో మనిషిని పడగొడుతుంది.

ముందు మీ నీటి సరఫరా సంస్థను మొత్తం ట్రైహాలోమీథేన్లు ఎంత అని అడగండి. అమెరికాలో ఏడాది సగటు లీటరుకు 80 మైక్రోగ్రాములు దాటకూడదు. మీరే పరీక్ష చేయిస్తే ల్యాబు ఇచ్చిన సీసాలోనే నీళ్లు పట్టండి. అందులో ముందే వేసి ఉంచిన మందును కడిగేయకండి, క్లోరిన్ చర్యను ఆపేది అదే. గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా నింపి మూత బిగించండి. బుడగ ఉంటే క్లోరోఫాం అందులోకి చేరి లెక్క తగ్గిపోతుంది.

తాగే నీటిలో ట్రైహాలోమీథేన్లను తగ్గించడానికి యాక్టివేటెడ్ కార్బన్ (సన్నని రంధ్రాలుండే ప్రత్యేకమైన బొగ్గు) ఫిల్టరు చాలు. చాలామంది మోసపోయేది ఇక్కడే. కార్బన్‌కు ట్రైహాలోమీథేన్లను పట్టే శక్తి ముందే అయిపోతుంది, క్లోరిన్ వాసనను మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం తీసేస్తూనే ఉంటుంది. అందుకే వాసన మళ్లీ వచ్చేదాకా ఆగకుండా, తయారీదారు చెప్పినన్ని లీటర్లు కాగానే కార్ట్రిడ్జ్ మార్చండి. కొనేముందు, ట్రైహాలోమీథేన్లను తగ్గిస్తుందని పరీక్షించి ధ్రువీకరించారో లేదో చూడండి.

ఫిల్టరు లేకపోతే మూత తీసి మరిగించండి. క్లోరోఫాం 61 డిగ్రీల దగ్గరే మరిగే ద్రవం, ఆవిరితో పోతుంది. హాలోఎసిటిక్ ఆమ్లాల్లో కొన్ని పోవు. నీళ్లు ఇగిరేకొద్దీ అవి చిక్కబడతాయి కూడా, కాబట్టి గంటల తరబడి కాచవద్దు.

ఇక స్నానం. బుడగ వదిలేశారని ల్యాబులో కొత్తవాళ్లను మందలించిన నేనే, ఇంట్లో స్నానాల గది కిటికీ బిగించుకుని ఆవిరి కమ్మేదాకా వేడినీళ్లు పోసుకునేవాణ్ణి! సీసాలోని బుడగలోకి చేరే క్లోరోఫాం గదిలోని గాలిలోకి చేరదా? అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, చర్మం గుండా కూడా కొంత లోపలికి పోతుంది. కిటికీ తెరవండి, ఫ్యాను వేయండి, గోరువెచ్చని నీళ్లతో త్వరగా ముగించండి.

ఫిల్టరు చేసిన నీటిలో క్రిములను అడ్డుకునే క్లోరిన్ మిగలదు. ఆ రోజుకు సరిపడా మాత్రమే పట్టి, మూత పెట్టి ఉంచండి.