టీకా వేసే చేయి – 4వ పాఠం: మూడు సూదులు, ఒక నాయనమ్మ

ముందు పోయిన పాఠం చివర అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం. ఉదయం ఐఎల్ఆర్ (టీకాలు దాచే చలిపెట్టె) తెరిచేసరికి ఒక పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) సీసా గడ్డకట్టి ఉంది. కరగనిచ్చి, కుదిపి, మడ్డి ఎంత వేగంగా దిగుతుందో చూడాలా? అక్కర్లేదు. కంటికి గడ్డగా కనిపించిన సీసాకు పరీక్ష లేదు, పక్కన పడేయడమే. కుదుపు పరీక్ష అనుమానం ఉన్న సీసాకు మాత్రమే. సీసా మీది వీవీఎం (వేడి తగిలితే రంగు మారే గుర్తు) బాగానే ఉంది కదా అని మీకు అనిపించి ఉండవచ్చు. ఆ చిన్న చతురస్రం వేడిని మాత్రమే లెక్కపెట్టుకుంటుంది, చలి తగిలిన సంగతి దానికి తెలియదు. పెంటావాలెంట్, టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా), హెపటైటిస్-బి, పీసీవీ (న్యుమోకాకల్ టీకా), ఐపీవీ (సూదితో వేసే పోలియో టీకా)లకు వేడికన్నా గడ్డకట్టడమే పెద్ద గండం. అందుకే సంచిలో పెట్టే ఐసు ప్యాకులను నీటి చెమట పట్టి, ఊపితే లోపల గడ్డ కదిలే చప్పుడు వచ్చేదాకా బయట ఉంచమని అంతగా పోరాను.

ఇక ఈ పాఠం. బుధవారం ఉదయం, ఉపకేంద్రం వరండా. బల్లమీద పద్నాలుగు వారాల బాబు, వాడి తల్లి, తల్లి పక్కన నాయనమ్మ. బాబుకు ఈ రోజు రెండు రకాల చుక్కలు, మూడు సూదులు. జాతీయ పట్టికలో ఆరో వారం, పద్నాలుగో వారం బరువైనవి. మధ్యలో వచ్చే పదో వారం తేలిక, పెంటావాలెంట్ సూది ఒక్కటే. పోయినసారి ఒక్క సూదితో ఇంటికి వెళ్లిన తల్లికి ఈసారి మూడు అనగానే గుండె జారుతుంది. అది గుర్తుపెట్టుకునే నోరు విప్పండి.

నా ఉద్యోగంలో మొదటి రెండేళ్లు తల్లి కూర్చోగానే “ఈ రోజు సూదులు వేయించమంటారా?” అని అడిగేదాన్ని. అది మర్యాద అనుకునేదాన్ని. తల్లి చెవికి మాత్రం అది మరోలా వినిపించేది: వేయించకపోయినా పర్వాలేదు కాబోలు, నర్సమ్మకే గట్టి నమ్మకం లేదు. “ఇంట్లో అడిగి వస్తానమ్మా” అని లేచి వెళ్లిపోయేవారు. వెళ్లినవారిలో కొందరు మళ్లీ నెల తరువాతే కనిపించారు. మాట మార్చాను. “అమ్మా, బాబుకు పద్నాలుగు వారాలు నిండాయి. ఈ రోజు రెండు రకాల చుక్కలు, మూడు సూదులు. దీంతో మొదటి మూడు విడతలూ పూర్తవుతాయి. మళ్లీ తొమ్మిదో నెలలోనే.” ఇంతే చెప్పి ఆగాలి. ఆ ఆగడం ముఖ్యం. తల్లికి ప్రశ్న ఉంటే అడిగే చోటు, కాదనాలనుకుంటే కాదనే చోటు అదే. గడగడా చెప్పుకుంటూ సిరంజి విప్పేస్తే అది సలహా కాదు, దబాయింపు.

తల్లి అడిగే మొదటి మాట దాదాపుగా తెలిసిందే: “మూడూ ఒకేసారా? పసివాడు తట్టుకుంటాడా?” జవాబు చెప్పే ముందు “మీకు ఏది భయంగా ఉంది?” అని ఒక్కసారి అడగండి. ఒకామె నొప్పి గురించి అడుగుతుంది, ఒకామె జ్వరం గురించి, మరొకామె పక్కింటి బిడ్డకు ఏదో అయిందని విని వచ్చి ఉంటుంది. అడగకుండా రోగనిరోధక శక్తి మీద ఉపన్యాసం ఇస్తే, నొప్పికి భయపడిన తల్లికి మీరు వేరే ఊరి బస్సు ఎక్కించినట్టు. తట్టుకోవడం గురించే అడిగితే నిజం చెప్పండి: పుట్టిన రోజు నుంచీ ఆ ఒళ్లు లెక్కలేనన్ని సూక్ష్మక్రిములను ఎదుర్కొంటూనే ఉంది, ఈ మూడు సూదుల్లో ఉన్నది వాటి ముందు చాలా తక్కువ పని, కలిపి వేసినా ఒకదాని బలాన్ని మరొకటి తగ్గించదు.

ఇక్కడ ఒక ఆశ పుడుతుంది: “పోనీ, రెండు ఈ రోజు, ఒకటి వచ్చే బుధవారం వేద్దామా?” అని బేరం పెట్టడం. ఆ మాట మీ నోటి నుంచి రాకూడదు. వచ్చే బుధవారం ఆమె కూలికి వెళ్లాల్సి ఉంటుంది, లేదా పుట్టింటికి వెళ్తుంది, లేదా బాబుకు జలుబు చేసి ఆమే మానేస్తుంది. జలుబు, కొద్దిపాటి విరేచనాలు, తక్కువ జ్వరం టీకా ఆపడానికి కారణాలు కావన్నది ఎన్నిసార్లు చెప్పినా చాలని విషయం. ముందు విడతకు ప్రాణాపాయమైన అలర్జీ వచ్చి ఉంటే ఆ టీకా మళ్లీ వేయరాదు. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బుగా ఉంటే కోలుకునేదాకా ఆగాలి. వీటి గురించి తప్పకుండా అడగండి.

నాయనమ్మ ఇంకా మాట్లాడలేదు. మాట్లాడుతుంది. “మా పిల్లలకు ఇన్ని సూదులు వేయించామా? వాళ్లు పెరగలేదా?” ఆమెతో వాదనకు దిగితే ఓడిపోయేది మీరే, ఎందుకంటే ఇంటికి వెళ్లాక చివరి మాట ఆమెది. ఆమె చేతనే చెప్పించండి. “పెద్దమ్మా, కోరింత దగ్గు వచ్చిన పిల్లలను మీరు చూసే ఉంటారు, ఎలా ఉండేవారు?” ఆ వయసు ఆడవారిలో చాలామందికి ఇది జ్ఞాపకమే: దగ్గి దగ్గి ముఖం నీలంగా మారడం, ఊపిరి తీసుకునేటప్పుడు వచ్చే ఆ కూత. కంఠసర్పి, ధనుర్వాతం కూడా వారికి పేర్లతో తెలుసు. ఎడమ తొడకు వేసే పెంటావాలెంట్ ఈ మూడింటికీ, హెపటైటిస్-బి, హిబ్ (న్యుమోనియా, మెదడుపొరల వాపు తెచ్చే క్రిమి) అనే మరో రెంటికీ కలిపి ఒక్క సూది అని అప్పుడు చెబితే, సూదులు ఎక్కువయ్యాయన్న ఫిర్యాదు కాస్త మెత్తబడుతుంది. ఐదు జబ్బులకు ఒక్క పోటే కదా.

“ఇవి ఏ దేశం మందులో” అన్న మాట కూడా వినిపిస్తుంది. రోటా (పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే వైరస్) చుక్కల్లో రోటావాక్ తయారైంది హైదరాబాద్‌లోనే. 2016లో దేశంలో రోటా టీకాను ప్రభుత్వ కార్యక్రమంలోకి మొదట తీసుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ మాట నాయనమ్మకు పనికొస్తుంది, మీకు పనికొచ్చేది వేరు: మీ కేంద్రానికి ఏ రకం వచ్చిందో సీసా చూసి తెలుసుకోండి. రోటావాక్ అయితే 5 చుక్కలు, పొడిని కలిపి వాడే రోటాసిల్ అయితే 2.5 మి.లీ. అలవాటు మీద చేయి వెళ్లిపోతే కొలత తప్పుతుంది.

ఇప్పుడు చేతి పని. సూదుల కన్నా ముందు చుక్కలు: ఏడుస్తున్న నోట్లో చుక్కలు వేయడం ఎవరికైనా తిప్పలే. పోలియో చుక్కలు 2, ఆ తరువాత రోటా. బాబును తల్లి ఒడిలోనే ఉంచండి. బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి ఇద్దరు పట్టుకోవడం నాకు ఎన్నడూ నచ్చలేదు. తల్లి ఒక చేత్తో వాడి చేతులను, తొడల మధ్య కాళ్లను ఒడిసి పట్టుకుంటే చాలు. వీలైతే పాలు తాగుతూ ఉండగానే సూది వేయండి, నొప్పి తగ్గుతుంది.

మొదట కుడి భుజం పైభాగంలో చర్మంలోనే ఐపీవీ, 0.1 మి.లీ. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానిద్దాం. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని సాగదీయండి. సూది మొన ఏటవాలు భాగం పైకి ఉండాలి. చర్మానికి దాదాపు సమాంతరంగా, 10–15 డిగ్రీల వాలులో, ఏటవాలు భాగం చర్మంలో కనుమరుగయ్యేంత వరకే దూర్చండి. నెమ్మదిగా నొక్కితే నారింజ తొక్కలా సన్నని గుంటలతో తెల్లని బొబ్బ లేస్తుంది. నొక్కుతున్నప్పుడు చేతికి అడ్డు తగులుతున్నట్టు ఉంటేనే సరిగా వెళ్తున్నట్టు. సులువుగా వెళ్లిపోతోందంటే చర్మం దాటి కిందికి దిగారు. బొబ్బ లేవకపోతే అదే పూట మరోసారి పొడవకండి, పద్ధతిని సరిచేసుకుని తరువాతి బిడ్డకు జాగ్రత్తపడండి.

ఏడీ సిరంజి (ఒక్కసారి వాడాక దానంతటదే బిగుసుకుపోయేది) గురించి ఒక మాట. సీసాలోకి గాలి ఎక్కించాలని ముందుగా గాలి లాగి నొక్కారా, సిరంజి అక్కడే బిగుసుకుపోతుంది, ఇక పారేయడమే. మామూలు సిరంజితో చేయి తిరిగినవారు మొదటి వారంలో ఇలా నాలుగైదు పాడుచేస్తారు. నేనూ చేశాను.

తరువాత కుడి తొడకు పీసీవీ, చివరన ఎడమ తొడకు పెంటావాలెంట్, ఒక్కోటి 0.5 మి.లీ. తుంటి ఎముక గుబ్బ నుంచి మోకాలి వరకు తొడను మూడు భాగాలుగా ఊహించుకోండి. నడిమి భాగంలో ముందు నుంచి కొంచెం బయటి వైపు మీ చోటు. 90 డిగ్రీలు నిటారుగా, తడబాటు లేకుండా ఒక్క ఊపులో. వెనక్కి లాగి రక్తం వస్తుందా అని చూడనవసరం లేదు, ఆ చోట పెద్ద రక్తనాళాలు లేవు. తీశాక రుద్దకండి, తల్లిని రుద్దనివ్వకండి. పిరుదుకు మాత్రం ఏ వయసువారికీ టీకా వేయకండి: అక్కడ కొవ్వు మందం, కింద పెద్ద నరం. సూదికి మూత తిరిగి పెట్టకుండా అక్కడికక్కడే హబ్ కట్టరులో కోయండి.

పది మోతాదుల సీసా ఒక్క బిడ్డ కోసం తెరవాలా అన్న సందేహం పాతది. తెరవండి. పెంటావాలెంట్, పీసీవీ, ఐపీవీ సీసాలు తెరిచిన తేదీ, సమయం రాసి, చలిలో సరిగా ఉంచి, వీవీఎం, గడువు బాగుంటే 28 రోజుల వరకు వాడుకోవచ్చు. బీసీజీ (క్షయ టీకా), ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) లాంటివి పొడికి ద్రవం కలిపాక 4 గంటలే. అయినా వాటినీ ఒక్క బిడ్డ కోసం తెరవాల్సిందే. మిగిలినది పోతుందని బిడ్డను వెనక్కి పంపడం నాకు లెక్క తెలియని పొదుపుగా తోస్తుంది.

ఇక ముప్పై నిమిషాలు కూర్చోబెట్టండి. “ఎండ పెరుగుతోందమ్మా, పోతాం” అంటారు. నీడన చోటు చూపించి మాటల్లో పెట్టండి. ఈ అరగంటలో చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఏ టీకాలు ఏ జబ్బులకు వేశారో, మళ్లీ ఎప్పుడు, ఎక్కడికి రావాలో, కార్డు ఎందుకు పోగొట్టుకోకూడదో. అన్నిటికన్నా ముఖ్యం జ్వరం సంగతి. ఈ రాత్రి ఒళ్లు వెచ్చబడవచ్చు, ఎడమ తొడ కాస్త వాచవచ్చు, రేపో ఎల్లుండో తగ్గిపోతుంది అని ముందే చెబితే అది టీకా పనిచేస్తున్న గుర్తు. చెప్పకపోతే అదే జ్వరం “నర్సమ్మ వేసిన సూది వికటించింది” అవుతుంది. పారాసిటమాల్ ముందుగానే పట్టవద్దు, జ్వరమో నొప్పో ఉంటేనే, కిలో బరువుకు 10–15 మి.గ్రా. చొప్పున. ఇక్కడ ఒక ప్రమాదం దాగి ఉంది. చుక్కల మందులో 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా. సిరప్ కొలతతో చుక్కల మందు పడితే నాలుగింతలు పడినట్టే. ఇంట్లో ఉన్న సీసా తెప్పించి చూసి, ఎంతో కార్డు మీద రాసివ్వండి.

ఎన్నడో ఒకసారి వచ్చేదానికీ సిద్ధంగా ఉండాలి. ఒంటిమీద దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరిలో పిల్లికూతలు, బిడ్డ వేలాడిపోవడం: వెంటనే తొడ కండరానికి అడ్రినలిన్, 1:1000 ద్రావణం కిలోకు 0.01 మి.లీ. కిట్‌లోని వయసు పట్టిక ఎదురుగా అతికించి ఉంచుకోండి. వైద్యుడికి ఫోను ఆ తరువాత. పదో, పదహారో ఏట టీడీ వేయించుకునే పిల్లలు తూలిపడటం వేరు: అది భయంతో వచ్చే మూర్ఛ, నాడి నెమ్మదిస్తుంది, దద్దుర్లు ఉండవు, పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే తేరుకుంటారు. బళ్లో వరుసలో మొదటివాడు పడితే వెనక నలుగురు పడతారు, కాబట్టి కూర్చోబెట్టే వేయండి.

ఆ అరగంటలో బల్లమీద ఇంకా ఇద్దరు ఉన్నారని మరవకండి. నాయనమ్మకు మధుమేహం ఉందా? ఉంటే ఏటా ఫ్లూ టీకా, న్యుమోకాకల్ టీకా మాట ఎత్తండి. అవి పెద్దలకు మన దగ్గర ఉచితం కావని, బయట కొనాల్సి ఉంటుందని కూడా దాచకుండా చెప్పండి. చివరిసారి టీడీ ఎప్పుడు వేయించుకుందో అడిగితే “ఆ గునపం తగిలినప్పుడు” అనే జవాబు వస్తుంది. ఎన్నేళ్లయిందో లెక్క కట్టండి, పదేళ్లు దాటితే ఇంకోటి కావాలి.

వచ్చే పాఠానికి మూడు కేసులు. ఇరవై నెలల పాప, పుట్టినప్పుడు వేసినవి, ఆరో వారం విడత తప్ప కార్డులో ఏమీ లేవు. ఐదో నెల గర్భిణి, రెండేళ్ల కిందటి కాన్పులో రెండు టీడీలూ వేయించుకుంది. నిన్న సాయంత్రం కుక్క కరిచిన రైతు, గాయం మీద పసుపు, సున్నం పట్టించి కట్టు కట్టుకుని వచ్చాడు. ఒక్కొక్కరిని మొదట ఏమి అడుగుతారు, ఆ పూటే ఏమి చేస్తారు, కార్డు మీద ఏ తేదీలు రాస్తారు? పుస్తకం తెరవకుండా రాసుకుని ఉంచండి.