'రోడ్ టు మొరాకో' చూడాలంటే

1942లో వచ్చిన ఈ హాలీవుడ్ కామెడీ సినిమా చూడమని ఎవరికి చెప్పినా మొదట "కథేంటి?" అని అడుగుతారు. కథ కోసమైతే అసలు చూడకండి. ఓడ పేలిపోయి ఇద్దరు మిత్రులు తెప్ప మీద కొట్టుకొస్తారు. చేతిలో పైసా లేక గాయకుడు, నటుడు బింగ్ క్రాస్బీ, పక్కనున్న హాస్యనటుడు బాబ్ హోప్‌నే 200 డాలర్లకి అమ్మేస్తాడు. హోప్ తేలేది రాకుమారి వేషంలోని డొరతీ లామూర్ దగ్గర. ఇక ఇద్దరికీ ఆమె మీదే కన్ను. చూడాల్సింది వాళ్ల గిల్లికజ్జాలు.

సినిమా 82 నిమిషాలే, ఒక్క విడతలో చూసెయ్యండి. అన్నం తింటూ మాత్రం వద్దు. కంచంలోకి చూసి తలెత్తేసరికి రెండు జోకులు దాటిపోతాయి.

పాటలు దాటెయ్యకండి. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. పాతకాలం పాటలు, సాగదీస్తారులే అని ఫార్వర్డ్ చేశాను. కాసేపటికి హోప్ జరిగిన కథంతా ఏకరువు పెట్టడం మొదలెట్టాడు. ఇదంతా నాకు తెలుసుగా అంటాడు క్రాస్బీ. సినిమా మధ్యలో వచ్చినవాళ్లకి తెలియదుగా అంటాడు హోప్. అయితే వాళ్లు నా పాట మిస్సయ్యారా అని క్రాస్బీ కంగారు! సోఫాలో కూర్చున్న నేను దొంగలా దొరికిపోయాను. వెనక్కి తిప్పి విన్నాను.

వినడం మంచిదైంది. 'మూన్‌లైట్ బికమ్స్ యూ' పాటని క్రాస్బీ ముందు మామూలుగానే పాడతాడు. తర్వాత ఎడారిలో ముగ్గురూ అందుకుంటారు. అప్పుడు ఒకరి గొంతు ఇంకొకరి నోట్లోంచి వస్తుంది. క్రాస్బీ గొంతు ముందే చెవిలో పడి ఉండకపోతే ఈ తమాషా సగం పోతుంది. ఫోన్ స్పీకర్ మీద వినకండి.

ఒంటె రాగానే జాగ్రత్తగా చూడండి. అది హోప్ మొహం మీద ఉమ్ముతుంది. అది స్క్రిప్టులో లేదు. హోప్ నిజంగానే తూలిపోతాడు. దర్శకుడు డేవిడ్ బట్లర్ ఆ ముక్క తీసెయ్యలేదు. నేను మూడుసార్లు వెనక్కి తిప్పాను.

పిల్లలతో చూస్తే ఒక మాట ముందే చెప్పండి. అరబ్బుల్ని ఇందులో కార్టూన్ బొమ్మల్లా చూపించారు, అది నాకూ నచ్చదు. "అక్కడివాళ్లు ఇలాగే ఉంటారా?" అంది మా మేనకోడలు. అది మొరాకో కాదమ్మా, పారమౌంట్ స్టూడియో వాళ్ల సెట్టు అన్నాను.

చివర్లో మళ్లీ తెప్ప కనిపిస్తుంది. అయిపోయిందిలే అని లేవకండి. హోప్ ఆకలి, దాహం అంటూ గుండెలవిసేలా ఏడుస్తాడు. ఆపరా, ఒడ్డు దగ్గర్లోనే ఉందని క్రాస్బీ అడ్డుతగులుతాడు. హోప్‌కి ఒళ్లు మండుతుంది. సినిమా మొత్తంలో తనకి దొరికిన ఒకే ఒక్క మంచి సీను పాడుచేశాడట, లేకపోతే ఆస్కార్ వచ్చేదట.