ఇంటి తోట పాఠాలు – 4: దేవగన్నేరును గుర్తుపట్టడం, కొమ్మ నాటడం

గత పాఠంలో మందార కొమ్మను కోసిన పూటే తడి మట్టిలో గుచ్చాం. దేవగన్నేరుతో అదే పని చేస్తే పది పదిహేను రోజుల్లో అడుగు మెత్తబడి కుళ్లిపోతుంది. కాబట్టి కత్తి తీసే ముందు చెట్టు ఏదో తేల్చుకోవాలి. గన్నేరు అని మనం పిలిచేవాటిలో మూడింటిని చూద్దాం. మూడూ ఒకే కుటుంబానివే అయినా పెంచే పద్ధతి దేనిది దానిదే.

హైవేల మధ్య డివైడర్ల మీద గులాబీ, తెలుపు రంగుల్లో పూసేది మామూలు గన్నేరు. ఆకు సన్నగా, తోలులా మందంగా ఉంటుంది. కణుపు దగ్గర చూడండి, సాధారణంగా మూడేసి ఆకులు చుట్టూ పుడతాయి. దీని కొమ్మ నీళ్ల సీసాలో పెట్టినా వేరు పోస్తుంది. పచ్చగన్నేరు ఆకు ఇంకా సన్నం, కొమ్మ చుట్టూ ఒక్కొక్కటిగా వస్తుంది. పువ్వు పసుపు గంట, కాయ కోణాలు తేలి ఆకుపచ్చగా ఉండి పండితే నల్లబడుతుంది. దీన్ని గింజతో పెంచుతారు. ఆ గింజ గుండెను ఆపేంత విషం, మామూలు గన్నేరు కూడా నిలువెల్లా విషమే. పిల్లలు, పశువులు తిరిగే చోట ఈ రెండూ వద్దనే నా మాట.

మూడోది దేవగన్నేరు. కొమ్మలు బొటనవేలి కంటే లావుగా, మొద్దుగా ఉంటాయి. పెద్ద ఆకులన్నీ కొమ్మ చివరే గుంపుకడతాయి. ఎక్కడ గిల్లినా తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు చర్మానికి మంట, కంట్లో పడితే ప్రమాదం.

ఇందులోనూ మన దగ్గర ఎక్కువగా కనిపించేవి మూడు జాతులు. పువ్వు కోసం ఆగక్కర్లేదు, ఆకు కొన చాలు. కొన మొనదేలి, చలికాలంలో ఆకంతా రాల్చేసి మోడుగా నిలబడితే అది రూబ్రా. తెలుపు, పసుపు, గులాబీ, ఎరుపు రంగులు ఎక్కువగా దీనిలోవే. ఆకు కొన గుండ్రంగా, పైభాగం నిగనిగలాడుతూ, ఏడాదంతా దాదాపు పచ్చగానే ఉండి తెల్లగా పూస్తే ఆబ్ట్యూసా. ఆకు పాము పడగలా చివర వెడల్పై, తెల్లపూలు గుత్తులుగా విరగబూసి వాసన మాత్రం అంతగా లేకపోతే పుడికా. రూబ్రా ఆకును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే పక్క ఈనెలన్నీ అంచు పొడవునా సాగే ఒక సన్నటి ఈనెలో కలుస్తాయి.

గుడి దగ్గర చూసీ చూసీ మన చెట్టే అనుకుంటాం గానీ, దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ప్లూమియే పేరు మీదే దీని శాస్త్రీయ నామం ప్లుమేరియా అయింది. దీని పువ్వులో తేనె ఉండదు. రాత్రి ఎక్కువయ్యే వాసనకు మోసపోయి వచ్చే పెద్ద చిమ్మెటలే పుప్పొడి మోస్తాయి. అందుకే కాయ అరుదు. కాసినా జంటకాయ పండడానికి నెలలు పడుతుంది, గింజ మొలిచినా తల్లి రంగే వస్తుందన్న హామీ లేదు. రంగురంగుల బొమ్మలు చూపించి గింజల ప్యాకెట్లు అమ్మేవాళ్లను నేను నమ్మను. నచ్చిన రంగు కావాలంటే కొమ్మే దారి.

కోయడానికి సమయం ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ వరకు, కొత్త చిగురు విప్పే ముందు. వానాకాలంలో కోసిన కొమ్మకు కుళ్లు భయం ఎక్కువ. పచ్చటి లేత కొమ్మ వద్దు, బూడిద రంగుకు తిరిగింది కావాలి. పొడవు ఒక అడుగు నుంచి అడుగున్నర. ఈ చెట్టు కొమ్మ చివర పూలగుత్తి వచ్చాక ఆ గుత్తి కింద నుంచే చీలుతుంది. అంటే చీలిక కనిపించిన కొమ్మ సాధారణంగా ఒకసారి పూసిందన్నమాట. అలాంటిది దొరికితే వదలొద్దు, పూతకు త్వరగా వస్తుంది.

పదునైన కత్తితో ఒకే దెబ్బకు కోయండి. చివర లేత మొగ్గ వదిలి ఆకులన్నీ తీసేయండి. పాలు కారడం ఆగాక నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టండి. సన్న కొమ్మకు వారం, లావుదానికి రెండు వారాలు. కోసిన చోట గట్టి పొర కట్టాలి, గోటితో నొక్కితే తడి తగలకూడదు. తొక్క కాస్త ముడతపడితే కంగారు పడకండి, లోపల నిల్వ నీరుంది. ఈ పాఠంలో అసలు పని ఇదే, తొందరపడేవాళ్లు ఇక్కడే కొమ్మను పోగొట్టుకుంటారు.

సగం ముతక ఇసుక, సగం ఎర్రమట్టి. కుండీ అడుగున రంధ్రాలు తప్పనిసరి. మూడు నాలుగు అంగుళాల లోతున పాతి, వెదురు పుల్లకు కట్టండి. కొమ్మ ఊగితే పుట్టే వేళ్లు తెగిపోతాయి. నాటిన రోజు ఒకసారి నీళ్లు, ఆ తర్వాత మట్టి లోపలిదాకా ఆరాకే, అదీ కొద్దిగా. ఎరువు ఇప్పుడే వద్దు.

మూడు నాలుగు వారాలకు చిన్న ఆకులు కనిపించవచ్చు. అది వేరు వేసిన గుర్తు కాదు, కొమ్మ తన నిల్వ తిని చిగురిస్తోంది. వేళ్లకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఆబ్ట్యూసా ఇంకాస్త మొండిది. లాగి చూడాలన్న కోరిక ఆపుకోలేనివాళ్లు పారదర్శక నీళ్ల సీసాను కోసి, అడుగున రంధ్రాలు పెట్టి అందులో నాటండి. చుట్టూ కాగితం చుట్టి, వారానికోసారి విప్పి చూసుకోవచ్చు. అడుగు నల్లబడి మెత్తగా అయితే పైనున్న గట్టి భాగాన్ని, లోపల తెల్లటి కండ కనిపించేదాకా కోసి మళ్లీ ఆరబెట్టండి.

వేరు పట్టి వానలు మొదలయ్యాక ఆకు అడుగున నారింజ పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ ఆకులు తీసి దూరంగా పారేయండి, నీళ్లు ఆకుల మీద కాక మొదట్లోనే పోయండి. వచ్చే పాఠం రాధామనోహరం తీగను నేలకు వంచి అంటు తొక్కడం మీద. అప్పటికి మీ వీధిలో ఒక దేవగన్నేరు ఆకు తెచ్చి కొన చూసి జాతి రాసి పెట్టుకోండి, కొమ్మ మాత్రం ఇంటివాళ్లను అడిగే కోయండి.