ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో కెపాసిటీ ఎక్కించే ముందు

కర్నూలు దగ్గర టాబ్లెట్ల ప్లాంటులో ప్లానింగ్ చూస్తాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఒక మాట: మెషిన్ మీద రాసి ఉన్న స్పీడునే కెపాసిటీగా ఎక్కించకండి.

గంటకు 2 లక్షల టాబ్లెట్లు కొట్టే కంప్రెషన్ మెషిన్‌కు 10 లక్షల బ్యాచ్ ఇస్తే సాఫ్ట్‌వేర్ 5 గంటలు చూపిస్తుంది. మా దగ్గర 8 పడుతుంది. సెట్టింగు, బరువు సరిచూడటం, మధ్యలో ఆగడం ఎవరు లెక్కేస్తారు? మూడు నెలల బ్యాచ్ రికార్డులు తీసి, అసలు పట్టిన టైమే ఎక్కించండి.

అంతకన్నా ముఖ్యం క్లీనింగు. తర్వాతి బ్యాచ్ కూడా అదే మందైతే పైపైన చాలు. మందు మారితే మాత్రం మెషిన్ విప్పి, భాగాలు కడిగి, స్వాబ్ (పాత మందు మిగిలిందేమో చూసేందుకు తుడిచి తీసే నమూనా) తీసి, క్యూసీ (నాణ్యత పరీక్ష) రిపోర్టు వచ్చేదాకా ఖాళీగా ఉంచాలి. ఏ మందు తర్వాత ఏ మందుకు ఎంత టైమో చేంజోవర్ పట్టికలో విడివిడిగా ఇవ్వండి. ఆ తర్వాత ఒకే మందు బ్యాచ్‌లను వరసగా, తక్కువ స్ట్రెంగ్త్ (టాబ్లెట్‌లో మందు మోతాదు) నుంచి ఎక్కువకు పెట్టి చూడండి. ఎన్ని షిఫ్టులు మిగులుతాయో మీకే తెలుస్తుంది.

ఫైనైట్ కెపాసిటీ ఆప్షన్ (మెషిన్ పట్టగలిగినదానికి మించి పని పెట్టనివ్వనిది) ఆన్‌లో ఉందా? లేకపోతే సాఫ్ట్‌వేర్ ఒకే కోటింగ్ మెషిన్ మీద ఒకే పూట మూడు బ్యాచ్‌లు పెట్టేసి కిమ్మనదు. ఒకసారి ఆ షెడ్యూలే ప్రింటు తీసి కిందికి పంపాను. "ఇంకో రెండు మెషిన్లు సంతలో కొనుక్కురండి సార్" అన్నాడు సూపర్‌వైజర్.

క్యూసీ ల్యాబ్‌ను కూడా ఒక మెషిన్‌లాగే ఎక్కించండి. హెచ్‌పీఎల్‌సీ (టాబ్లెట్‌లో మందు ఎంతుందో కొలిచే ల్యాబ్ పరికరం) ఖాళీ లేక ఆగిన బ్యాచ్‌లే మా దగ్గర ఎక్కువ.